శ్రీయుతులు ఇమేజ్ క్యాష్ ఫోల్డర్ గారికి

మా హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం వారి ఫోటో గ్యాలరీ వెబ్‌సైటును జీతం బత్తెం లేకుండా చూసుకునే సేవకుడు, ఎక్కించిన ఫోటోలకు చిన్న చిన్న కాపీలు చేసి దాచుకునే తమరికి నమస్కరించి వ్రాయునది ఏమనగా:

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు. మీరు కుశలమే. కంట్రోల్ ప్యానెల్లో మీ గీత ఎర్రగా, నిండుగా, ఆ చివరి దాకా సాగి కనిపిస్తోంది. మా సంగతే బాగాలేదు. మొన్నటి ఆత్మీయ సమ్మేళనం ఫోటోలు మధ్యాహ్నం భోజనాల దాకా ఎక్కి, సన్మానాల దగ్గర ఆగిపోయాయి. గులాబ్‌జామ్ తింటూ దొరికిపోయినవాళ్ళంతా గ్యాలరీలో ఉన్నారు. శాలువా కప్పించుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళందరి దగ్గరా నా ఫోన్ నంబరుంది.

చోటంతా ఎవరి పాలైందో చూద్దామని ఫోల్డర్లవారీగా లెక్క తీశాను. బరువులో అసలు ఫోటోలదే పైచేయి, కాదనను. తలలు లెక్కపెడితే మాత్రం ఊళ్ళో సగం కంటే ఎక్కువమంది మీవాళ్ళే. ఒక ఫోటో మేము ఎక్కిస్తే దానికి మీరు తొమ్మిది సైజులు పుట్టిస్తారు. 120 పిక్సెళ్ళ చదరంతో మొదలై 1656 వెడల్పు దాకా. తెలుగు మాస్టారికి దండ వేస్తున్న ఫోటో 1008 పిక్సెళ్ళలో ఒకటి, 1224లో ఒకటి. ఈ రెంటికీ తేడా కనిపెట్టగలిగే కళ్ళు మా బ్యాచ్‌లో ఎవరికీ మిగల్లేదు. అందరికీ నలభై దాటింది. పోనీ మా ఇంట్లోనే ఇలా ఉందా అంటే, అదీ కాదు. వెబ్‌సైట్లు కట్టిపెట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ వారి ఇంట 150, 300, 768, 1024 పిక్సెళ్ళ సైజులు ఉండగానే, 2019లో 5.3 వెర్షన్‌తో 1536, 2048 కూడా వచ్చి చేరాయి. ఎక్కించిన బొమ్మ మరీ పెద్దదైతే 2560కి కుదించిన ప్రతి ఇంకొకటి. అసలుది ఎలాగూ ఉంటుంది.

పదివేల ఫోటోలకు తొంభై వేల కాపీలు. అందులో అయిదు కిలోబైట్ల బొమ్మ ఉంటే, డిస్కు చోటిచ్చేది నాలుగేసి కిలోబైట్ల బ్లాకుల్లో కాబట్టి, అది ఎనిమిది ఆక్రమించి కూర్చుంటుంది. దీన్ని కూడా భరించవచ్చు. భరించలేనిది ఐనోడ్ల వ్యవహారం. డిస్కులో ప్రతి ఫైలుకీ, అది ఎంత చిన్నదైనా సరే, ఒక ఐనోడ్, అంటే దాని వివరాలు రాసి ఉంచే చీటీ, కావాలి. సర్వర్లో చోటు అద్దెకిచ్చే చవక హోస్టింగ్ ప్లాన్లలో వాటికి కోటా ఉంటుంది. జీబీల లెక్క పెద్ద అక్షరాల్లో చూపిస్తారు, ఐనోడ్ల లెక్క ఏదో మూల పేజీలో ఉంటుంది. అది నిండితే జీబీలు ఖాళీగా ఉన్నా కొత్త ఫైలు పుట్టదు. ఈ సంగతి మా సంఘం అధ్యక్షులవారికి చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. “ఇంకా ఆరు జీబీ ఖాళీ ఉందని చూపిస్తోంది కదయ్యా, మరి చోటు లేదంటావేంటి?” అన్నారు. ఆయన రిటైర్డ్ తహసీల్దారు. ఖాళీ స్థలం కనిపిస్తూ ఉండగా ఇవ్వడానికి లేదంటే ఆయనకు వేరే అనుమానాలొస్తాయి.

మీ వల్ల ఉపకారం లేదనడం లేదు. మీరే లేకపోతే ఒక పేజీలో అరవై ఫోటోలు చూపించడానికి ఒక్కొక్కటి ఎనిమిదేసి ఎంబీల చొప్పున 480 ఎంబీలు దిగాలి. అదే పేజీని మీరు ఒక ఎంబీ లోపు తేల్చేస్తారు. పల్లెటూళ్ళో సిగ్నల్ కోసం డాబా ఎక్కి చూసే మా స్నేహితులకు ఆ తేడా తెలుసు. నా ఫిర్యాదు మీరు పుట్టడం మీద కాదు, ఎవరి కోసం పుడుతున్నారన్న దాని మీద. ఎవరైనా ఆ సైజు అడిగినప్పుడే పుడతానని మీ నియమం. వినడానికి ఎంతో పొదుపుగా ఉంది. కానీ అడుగుతున్నదెవరు? ఎవరొచ్చి ఏం అడిగారో సర్వర్ రాసుకునే లాగ్ ఫైలు తెరిచి చూశాను. 1995 బ్యాచ్ క్రికెట్ మ్యాచ్ ఫోటోలను అర్ధరాత్రి ఒంటి గంటకు వరసగా, అన్ని సైజుల్లో చూసింది మా క్లాసువాళ్ళెవరూ కాదు. సెర్చ్ ఇంజన్ల బాట్లు, అంటే పేజీలన్నీ వాటంతటవే తిరిగి చూసే ప్రోగ్రాములు. పేజీలో లింకు కనిపిస్తే చాలు, నొక్కి చూసి వెళ్ళిపోతాయి. వాటి కోసం మీరు పీకల దాకా వండి వడ్డించి, మిగిలినదంతా మా అటక మీద దాచారు. ఆ ఆటలో డకౌటైనవాడు కూడా ఆ ఫోటో ఇంకా తెరవలేదు.

మీ వంశచరిత్ర కాస్త తిరగేశాను. 1968లో ఐబీఎం వారి సిస్టమ్ 360 మోడల్ 85 యంత్రంలో మీ పూర్వీకులైన క్యాష్ మెమరీ వారు కాపురం పెట్టారు. వారికిచ్చిన చోటు 16 కిలోబైట్లు, బతిమాలితే 32. అంతలోనే సర్దుకున్నారు. కొత్తది లోపలికి రావాలంటే పాతది లేచి బయటికి పోవలసిందే. ఈనాటికీ ప్రాసెసర్ లోపల ఉండే మీ జ్ఞాతులు అదే ఆచారం పాటిస్తున్నారు. బ్రౌజర్లో ఉండే మీ పినతండ్రి కొడుకు కూడా తనకిచ్చిన హద్దు దాటడు. మీకొక్కరికే హద్దూ లేదు, లేచి పోయే అలవాటూ లేదు. ఆ నియమం రాయడం మీ సాఫ్ట్‌వేర్ చేసినవారు మరిచారో, డిస్కు మా సంఘానిది కదా అనుకున్నారో.

అన్నట్టు, ఆ బ్రౌజర్ తమ్ముడి గురించి కూడా. అధ్యక్షులవారు జెండా ఎగరేస్తున్న ఫోటో పక్కకి పడుకుని కనిపించింది. కెమెరా నిలువుగా పట్టుకుని తీశారన్న వివరం ఫైలు లోపల రాసే ఉంటుంది. చిన్న కాపీ చేసేటప్పుడు మీరు దాన్ని పట్టించుకోలేదు. సరే, నిలబెట్టాం. అసలు ఫోటో నిలబడింది. మీ దగ్గర కాపీలు ఇంకా పడుకునే ఉన్నాయి. వాటిని తుడిచి కొత్తవి చేయించాం. అప్పటికే ఆయన ఫోన్లో మీ తమ్ముడు పాతది దాచేశాడు. ఈ ఫైలు 3,15,36,000 సెకన్ల దాకా, అంటే ఏడాది పాటు, మారదు, మళ్ళీ అడగొద్దు అని మా సర్వరే అతనికి మాటిచ్చింది. నా కంప్యూటర్లో జెండా కర్ర నిటారుగా ఉంది. ఆయన ఫోన్లో అడ్డంగా ఉంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒకే ఫోటో గురించి పోట్లాడుకున్నాం. చివరికి ఇది వేరే ఫైలని మీ తమ్ముడు నమ్మేలా ఫైలు చిరునామా వెనక ఒక ప్రశ్నార్థకం, ఒక అంకె తగిలిస్తే గానీ ఆయన జెండా లేవలేదు.

ఇప్పుడు అసలు కోపం దగ్గరికి వస్తాను. ఈ సర్వర్లో పారేసినా నష్టం లేనిది ఏదైనా ఉందంటే అది మీరొక్కరే. పోయినా మళ్ళీ చేసుకోవచ్చు. మరి రోజూ రాత్రి తీసే బ్యాకప్‌లో మిమ్మల్నే భద్రంగా మూటగట్టి ఇంకో డిస్కుకి పంపుతున్నాం. అక్కడా మీకే చోటు. ఇది క్యాష్ ఫోల్డర్, దీన్ని మోయకండి అని చెప్పే చిన్న గుర్తు ఫైలు ఒకటి ఎప్పటినుంచో వాడుకలో ఉంది. లైనక్స్‌లో ఫైళ్ళు మూటగట్టే టార్ ప్రోగ్రామ్ దాన్ని గుర్తుపట్టి పక్కన పెట్టగలదు కూడా. మీ వాకిట్లో ఆ ఫైలు పెట్టాలన్న ఆలోచన మిమ్మల్ని ఇక్కడ దింపినవారికి రాలేదు.

దీనికి మించినది మా కోశాధికారి గారి ప్రతిపాదన. చోటు కోసం పెద్ద ఫైళ్ళు తీసేద్దామన్నారు. అంటే అసలు ఫోటోలు. “సైట్లో ఫోటోలు బాగానే కనిపిస్తున్నాయిగా, మళ్ళీ ఆ ఎనిమిది ఎంబీలవి ఎందుకు?” కమిటీలో నలుగురు తలూపారు. ఫోటోలు బాగానే కనిపించడం మీ ప్రతిభ. ఆ ప్రతిభే మీ పిల్లల్ని ఉంచి వాళ్ళ తల్లిని గెంటేసే దాకా తెచ్చింది. ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపువాడు ధర్మప్రభువు. స్వర్ణోత్సవం బ్యానరుకి హెడ్మాస్టరు గారి ఫోటో కోసం మేం పంపిన చిన్న కాపీని పది అడుగులకు సాగదీసి చూపించాడు. మాస్టారి ముక్కు గళ్ళ లుంగీలా వచ్చింది. ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. మినిట్స్‌లో మాత్రం ‘సాంకేతిక కారణాల వల్ల’ అని రాసుకున్నారు.

కాబట్టి మీకు ఇందుమూలంగా తెలియజేయడమేమంటే, తొమ్మిది సైజుల్లో ఆరింటిని సెట్టింగుల్లో ఆపేశాను. చిన్నదొకటి, ఫోన్‌కి ఒకటి, కంప్యూటర్‌కి ఒకటి, ఇక చాలు. బాట్లకు తలుపు దగ్గర, ఇటు రావద్దని రోబోట్స్ ఫైల్లో బోర్డు పెట్టాను. మర్యాద ఉన్నవి ఆగుతాయి. బ్యాకప్ నుంచి మీ పేరు కొట్టేశాను. ఒక్కో ఆల్బమ్ చొప్పున మీ పాత కాపీలను క్రాన్, అంటే పెట్టిన వేళకు తనంతట తానే నడిచే ప్రోగ్రామ్, వచ్చి తీసేస్తుంది. అన్నీ ఒకే రాత్రి తుడిచేస్తే పొద్దున్నే వచ్చిన మొదటి పదిమంది కోసం అన్నీ మళ్ళీ చేస్తూ సర్వర్ కుప్పకూలుతుంది. కిందటి మనిషి ఆ పని చేసే పదవి పోగొట్టుకున్నాడని విన్నాను.

ఇట్లు,
సంఘం వెబ్‌సైటు సేవకుడు

తా.క.: క్రాన్ వచ్చేది ఆదివారం తర్వాతే. శనివారం 1998 బ్యాచ్ సమ్మేళనం ఉంది. రాత్రి తొమ్మిదికి వాట్సాప్ గ్రూపులో లింకు పెడతారు, అందరూ ఒక్కసారే వచ్చి పడతారు. ఆ రాత్రికి మాత్రం తమరు ఎక్కడికీ వెళ్ళకండి.