ఇద్దరికీ వేరుగా గుర్తుంటే ఒకడు అబద్ధాలకోరేనా?

'మీ ప్రాణస్నేహితుణ్ణి నమ్మే ముందు ఇది చదవండి' అని మొదలయ్యే ఆ పొడుగాటి ఫార్వర్డ్ ఈపాటికి మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. నాకైతే ఒకరి తర్వాత ఒకరు పంపుతూనే ఉన్నారు. పంపేవాళ్లంతా చదువుకున్నవాళ్లే, పైగా కింద 'ఆలోచింపజేసింది' అని ఒక ముక్క.

చిన్న బడ్జెట్‌లో తీసే సైకలాజికల్ డ్రామాల మీద దండయాత్ర అది. ఇద్దరు స్నేహితులు, ఎప్పుడో గడిచిన ఒక రాత్రి, దాన్ని ఇద్దరూ చెరో రకంగా చెప్పడం, ఏది నిజమో తేల్చకుండానే సినిమా అయిపోవడం. ఇదంతా సైన్స్‌కి విరుద్ధమట. మెదడు చూసినదంతా రికార్డు చేసేస్తుందట. షాక్ తగిలిన క్షణాలు చచ్చేదాకా చెక్కుచెదరవట. కాబట్టి ఇద్దరి మాటా కలవకపోతే ఒకడు అబద్ధమాడుతున్నట్టేనట, అలాంటివాణ్ణి వెంటనే వదిలించుకోవాలట.

చిల్లర సంగతులు ముందు తేల్చేద్దాం. మెదడులో పది శాతమే వాడతామన్న వాక్యం ఇందులోకీ దూరింది, ఎందుకు దూరిందో రాసినవాళ్లకే తెలియాలి. తప్పు, అంతే. 'ముగింపు చెప్పలేని డైరెక్టర్‌కి కథ రానట్టే' అన్నది అభిరుచికి సంబంధించిన మాట. నచ్చకపోతే చూడకండి.

రికార్డింగ్ సంగతికొస్తే, 1974లోనే ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే సైకాలజిస్టులు దాని పని పట్టారు. కార్లు గుద్దుకునే చిన్న సినిమా చూపించి, 'తగిలినప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయి?' అని కొందరిని, 'గుద్దుకుని నుజ్జయినప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయి?' అని ఇంకొందరిని అడిగారు. వారం తర్వాత, పగిలిన గాజు చూశారా అంటే 'నుజ్జు' ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. 'తగిలిన' ప్రశ్న విన్న గుంపులో 50కి 7గురు. ఆ సినిమాలో గాజు ముక్కే లేదు.

షాక్ తగిలితే చెరగదన్న మాటకు ఛాలెంజర్ చాలు. 1986 జనవరి 28న ఆ వ్యోమనౌక పేలిపోయింది. మర్నాడే సైకాలజీ ప్రొఫెసర్ ఉల్రిక్ నైసర్ తన విద్యార్థుల చేత ఆ వార్త ఎక్కడ విన్నారో, పక్కన ఎవరున్నారో రాయించి దాచాడు. రెండున్నరేళ్లకు వాళ్లలో 44 మందిని పిలిచి మళ్లీ అడిగాడు. క్లాసులో ఎవరో వచ్చి చెబితే విన్నానని మొదట రాసిన ఒకమ్మాయి, ఈసారి హాస్టల్ గదిలో రూమ్మేట్‌తో కలిసి టీవీలో చూశానంది. నూటికి పాతికమందికి ఒక్క ముఖ్యమైన వివరమూ సరిగా రాలేదు. చాలామంది బల్లగుద్ది మరీ తప్పు చెప్పారు. తమ చేతిరాతతో ఉన్న పాత కాగితం చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

ఇక అసలు విషం. మాట కలవకపోతే ఒకడు అబద్ధాలకోరు, వదిలించుకో. ఇది రాసినవాళ్లు ఎన్ని స్నేహాలకు గోతులు తవ్వుతున్నారో ఆలోచించారా?

జెన్నిఫర్ థాంప్సన్ సంగతి చూడండి. 1984లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఆమె మీద అత్యాచారం జరిగింది. అప్పుడామె పట్టుబట్టి దుర్మార్గుడి ముఖాన్ని చూసి గుర్తుపెట్టుకుంది, బతికి బయటపడితే వాణ్ణి పట్టించాలని. రోనాల్డ్ కాటన్ అనే మనిషిని చూపించి వీడేనంది. కొన్నేళ్లకు అసలు నేరస్థుణ్ణి కోర్టులో ఎదురుగా నిలబెడితే ఇతన్నెప్పుడూ చూడలేదంది. పదేళ్లకు పైగా జైల్లో మగ్గిన కాటన్‌ను 1995లో డీఎన్ఏ పరీక్ష బయటపడేసింది. ఆమె ఒక్క అబద్ధం ఆడలేదు. ఫార్వర్డ్ లెక్కన మాత్రం పచ్చి అబద్ధాలకోరు! తర్వాత ఆ ఇద్దరూ స్నేహితులయ్యారు, సాక్షుల చేత నిందితులను గుర్తింపజేసే పద్ధతులు మారాలని కలిసి తిరిగారు. కాటన్‌కి ఈ మెసేజ్ ఎవరూ పంపలేదు కాబోలు.

స్నేహం గొడవేమిటో కూడా వినండి. 2003లో ఫియోనా గాబర్ట్ బృందం జంటలు జంటలుగా మనుషులను కూర్చోబెట్టి, ఒకే సంఘటనను ఇద్దరికీ వేర్వేరు కోణాల్లో చూపించింది. ఇద్దరం చూసింది ఒకటే వీడియో అని వాళ్ల నమ్మకం. ఒక కోణంలోనే అమ్మాయి పర్సులోంచి డబ్బు తీయడం కనిపిస్తుంది. కాసేపు మాట్లాడుకున్నాక ఎవరికి వాళ్లను విడిగా అడిగితే, 71 శాతం మంది పక్కవాళ్ల నోటివెంట విన్న వివరం ఒక్కటైనా తాము చూసినట్టే చెప్పారు. అపరిచితుల కంటే స్నేహితుల దగ్గర, దంపతుల దగ్గర ఈ అంటువ్యాధి ఎక్కువని తర్వాతి పరిశోధన తేల్చింది. ఏళ్ల తరబడి కలిసి నెమరేసుకున్న రాత్రిలో మీరు చూసిందెంత, వాడు చెబితే విన్నదెంత? ఈ సినిమాలు అడిగే ప్రశ్న ఇదే. తేల్చలేదని డైరెక్టర్ మీద కేకలేస్తున్నారు కానీ, తేల్చేస్తేనే అబద్ధం చెప్పినట్టు.

ఒక్క పాయింటుకు మాత్రం దణ్ణం పెడతాను. తలకు దెబ్బ తగిలి హీరో తన పేరు, స్నేహితుడి ముఖం మరిచిపోయి, ఇంకో దెబ్బకు అన్నీ గుర్తుతెచ్చుకోవడం చెత్త అన్నారు. చెత్తే. 1953లో ఆపరేషన్‌లో మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ చాలావరకు పోయిన హెన్రీ మొలైసన్‌కు తన పేరూ తెలుసు, బాల్యమూ గుర్తుంది. దశాబ్దాల పాటు తనను పరీక్షించిన బ్రెండా మిల్నర్ మాత్రం అతనికి ఎప్పుడూ కొత్త మనిషే. ఈ పాపం పెద్ద సినిమాలదే అనుకోకండి, మనం ముద్దుచేసే చిన్న సినిమాలూ చేశాయి.

చివర్లో, అనుమానముంటే ఇద్దరూ హిప్నాటిస్టు దగ్గరికెళ్లి నిజం బయటికి లాగించుకోవచ్చట. మహానుభావా, హిప్నాసిస్‌తో పెరిగేది చెప్పేవాడి ధీమా. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అలాంటి సాక్ష్యాన్ని 1982లోనే పక్కన పెట్టింది. స్నేహితుణ్ణి అక్కడిదాకా ఈడ్చుకెళ్లే ముందు, ఆ రాత్రి ఇద్దరూ ఏం మెసేజీలు పెట్టుకున్నారో పాత చాట్ తీసి చూసుకోండి. ఫార్వర్డులు దాచుకోవడానికి చోటు చాలక డిలీట్ చేసి ఉండకపోతే.