పోపుల డబ్బా డేటా సెంటర్

హార్డ్ డిస్క్ కొన్నవాడు దానికో పర్సు కూడా కొని తీరాలని ఏ శాసనసభ చట్టం చేసిందో గానీ, తిరుపతిలో కంప్యూటర్ షాపుకెళ్తే చాలు, బిల్లు కొట్టేముందు "పౌచ్ వద్దా స్వామీ, షాక్‌ప్రూఫ్ ఇది" అని అడక్కుండా వదలరు. ఒక జిప్పు, లోపల పలచటి స్పాంజి, పైన కంపెనీ పేరు. ధర 500 రూపాయలు. కొండ మీద లడ్డూ 50 కాబట్టి మన ఊరి లెక్కలో పది లడ్డూలు. జిప్పుకు పది లడ్డూలా అని నిలదీసే పౌరుడు ఒక్కడూ లేకపోవడంతో, ప్రజాహితం కోరి ఈ విధాన పత్రం సమర్పిస్తున్నాను.

ముందు ఆ షాక్‌ప్రూఫ్ సంగతి, అదే కింద పడినా దెబ్బ తగలదనే మాట, తేల్చేద్దాం. పళ్ళెం తిరిగే రకం హార్డ్ డిస్కులో డేటా చదివే హెడ్డు ఆ పళ్ళేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది, అలా తిరుగుతుండగా కింద పడితేనే అసలు ప్రమాదం. తిరిగేటప్పుడు అదెక్కడుంటుంది మరి? పౌచ్ బయట, టేబుల్ అంచున, వైరుకు వేలాడుతూ. హెడ్డు పక్కకు తప్పుకుని విశ్రాంతి తీసుకునే వేళ మాత్రం పౌచ్ గారు కాపలా కాస్తారు. పడిపోయాక పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టిద్దామంటే అక్కడ ఎముకలే అతుకుతాయి. చిప్పుల్లోనే డేటా దాచే ఎస్ఎస్‌డీ రకం డ్రైవులో అయితే తిరిగేదీ లేదు, కదిలేదీ లేదు, అయినా దాని పౌచ్ ఇంకో నాలుగు లడ్డూలు ఎక్కువే.

ఇంట్లో ఏం లేదని ఈ ఖర్చు? రెండున్నర అంగుళాల డ్రైవు పొడవు 10 సెంటీమీటర్లు, వెడల్పు 7. ఊరెళ్ళేటప్పుడు బ్యాగులో వేసుకునే పెద్ద సబ్బుపెట్టె చాలు దానికి. అడుగున నీళ్ళు కారే కంతలున్నాయని చిన్నతనపడకండి, వాటినే వెంటిలేషన్ అని అట్ట మీద అచ్చేస్తే రేటు పెరుగుతుంది. కొత్త బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం పక్కన పడేస్తే తేమ పీల్చుకుంటుంది. వైర్లు కట్టడానికి పూలకొట్టులో ఇంత అరటినార అడగండి. ఒక్కచోట మాత్రం పిసినారితనం చెల్లదు: పైన డొప్ప లేని డ్రైవును మామూలు పాలిథిన్ కవర్లో దూర్చకండి, రాపిడికి స్టాటిక్ కరెంటు పుట్టి చిప్పుల ప్రాణం తీయగలదు. డ్రైవుతో వచ్చిన వెండిరంగు కవరే దానికి సరైన చోటు. కాకపోతే అది ఉచితంగా వస్తుంది కదా, అందుకే చింపి పారేస్తాం.

అన్నట్టు, ఇది కొత్త జబ్బేం కాదు. పాతకాలంలో డేటా దాచుకున్న 1.44 ఎంబీ ఫ్లాపీ డిస్కులకు తాళం, తాళంచెవి ఉన్న ప్లాస్టిక్ పెట్టెలు కొన్నవాళ్ళం మనం. యాభై ఫ్లాపీలు కుక్కినా మొత్తం 72 ఎంబీ. దొంగ తాళం పగలగొట్టే శ్రమ దేనికి, పెట్టె చంకలో పెట్టుకుని పోతే సరి.

ఇక పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులకు పాత పోపుల డబ్బాను మించింది లేదు. ఏడు గిన్నెలు, బిగుతు మూత. వాడుకలో ఉన్న డబ్బాను మాత్రం ముట్టుకోకండి, మైక్రో ఎస్‌డీ కార్డు 15 మిల్లీమీటర్లకు 11 మిల్లీమీటర్లు మాత్రమే, మీ మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఆవాలతోపాటు తాలింపులో చిటపటలాడుతుంది.

మిగిలిన పది లడ్డూల డబ్బుతో ఇంకో పెన్‌డ్రైవ్ కొని, ఫొటోలన్నీ రెండో కాపీ తీసి, చిత్తూరులో అక్కవాళ్ళ పోపుల డబ్బాలో పెట్టించండి. పెద్ద కంపెనీలు దీన్నే ఆఫ్‌సైట్ బ్యాకప్ అని లక్షలు పోసి చేస్తాయి, అక్క మాత్రం "దీనికోసమా బస్సెక్కి వచ్చినావు?" అని తిట్టి భోజనం కూడా పెడుతుంది. ఏళ్ళ తరబడి కదపకుండా వదిలేస్తే పెన్‌డ్రైవులో ఛార్జి మెల్లగా కారిపోతుంది గనక సంక్రాంతికి ఒకసారి వెళ్ళి తెరిచి చూసుకోండి. బావకు మాత్రం అదెక్కడుందో తెలియనివ్వకండి, ఖాళీదనుకుని ఫార్మాట్ కొట్టి కారులోకి పాటలు ఎక్కించుకుంటాడు.