కోన్‌ఫ్లవర్ చందాదారులకు ఒక హెచ్చరిక

అమెరికాలో మే నెల వచ్చిందంటే తెలుగువాళ్ల ఇళ్లలో రెండు పనులు జరుగుతాయి. వెనక పెరట్లో గోంగూర విత్తనాలు పడతాయి, ముందు వాకిట్లో రంగురంగుల కోన్‌ఫ్లవర్లు దిగుతాయి. గోంగూర వల్ల దేశానికి నయాపైసా ఉపయోగం లేదు. ఒక ఇంట్లో కాసిన విత్తనం కాగితం పొట్లాల్లో పది ఇళ్లకు పాకిపోతుంది, ఏ దుకాణానికీ ఒక్క సెంటు రాదు. హైబ్రిడ్ కోన్‌ఫ్లవర్ అలాంటి నీచపు పని చేయదు. గాలన్ కుండీ 20 డాలర్ల చుట్టుపక్కల పెట్టి కొంటాం, జులైలో వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడతాం, చలికాలంలో అది కన్నుమూస్తుంది, మళ్లీ మేలో అదే దుకాణం, అదే వరస, మరో 20 డాలర్లు. కుండీకి గుచ్చిన చీటీ మీద ఇది ఏటేటా పూసే మొక్క అని రాసి ఉంటుంది. అందులో అబద్ధమేం లేదు. ఏటేటా పూస్తుంది, కాకపోతే ఏటేటా కొనాలి.

ఇంత చక్కగా సాగుతున్న చందా పద్ధతికి ఈమధ్య కొందరు గండి కొడుతున్నారు. కొన్న మొక్కను ఏళ్ల తరబడి బతికించుకుంటున్నారు. వాళ్ల పద్ధతులేమిటో నిజాయితీపరులైన చందాదారులందరికీ తెలియాలి. తెలిస్తేనే కదా వాటికి దూరంగా ఉండగలిగేది.

ముందుగా ఈ వ్యాపారానికి పునాది వేసిన పెద్దలకు నమస్కారం. కోన్‌ఫ్లవర్ అంటే ఎకినేషియా. మన హోమియో షాపుల్లో గోధుమరంగు సీసాల్లో కనిపించే ఎకినేషియా ఈ కుటుంబానిదే. ఉత్తర అమెరికాలో తప్ప సహజంగా ఇంకెక్కడా పుట్టదు. తోటల్లో పాతకాలం నుంచీ ఉన్నది ఎకినేషియా పర్ప్యూరియా. పూస్తే ఊదా కలిసిన గులాబీ రంగు, మహా అయితే తెలుపు. బంకమట్టిలో పెట్టినా, మంచులో ముంచినా ఓ పట్టాన చావదు. వ్యాపారానికి ఇంతకన్నా పనికిమాలిన గుణం ఉండదు. మిస్సోరీ, ఆర్కన్సా రాష్ట్రాల్లోని ఓజార్క్ గుట్టల మీద, సన్నటి రాతినేలల్లో పసుపుపచ్చగా పూసే ఎకినేషియా పారడాక్సా అని ఇంకో జాతి ఉంది. షికాగో బొటానిక్ గార్డెన్‌లో జిమ్ ఆల్ట్ అనే శాస్త్రవేత్త ఈ రెండింటినీ కలిపితే 2000ల మొదట్లో ‘ఆరెంజ్ మెడోబ్రైట్’ పుట్టింది. ఇక ఆగుతుందా? అట్లాంటా, ఆరెగాన్, నెదర్లాండ్స్ నుంచి వరదలా వచ్చాయి: ‘టొమాటో సూప్’, ‘మ్యాక్ అండ్ చీజ్’, ‘హాట్ పపాయా’. మొక్కల చీటీలు చదువుతున్నామో టిఫిన్ల బోర్డు చదువుతున్నామో తెలియదు. మనవాళ్లెవరూ ఇంకా ఈ రంగంలో దిగినట్టు లేదు. దిగితే ‘పులిహోర’, ‘పండుమిరప పచ్చడి’ ఈపాటికి షెల్ఫ్ మీద ఉండేవి.

పారడాక్సా నుంచి రంగుతో పాటు వేరు కూడా వచ్చింది, మన అదృష్టం. రాళ్ల సందుల్లో లోతుగా దిగి, నీళ్లు నిలవని చోట హాయిగా బతికే తల్లివేరు అది. ఎండకు తట్టుకుంటుంది, చలికీ తట్టుకుంటుంది. తడిసి ముద్దయిన మట్టిలో చలికాలం గడపమంటే మాత్రం కుళ్లిపోతుంది. అన్ని హైబ్రిడ్లలో పారడాక్సా వాటా ఒకేలా ఉండదు కానీ, మన చందా మొత్తం నిలబడింది ఈ బలహీనత మీదే.

అందుకే దుకాణాలవాళ్లు సెప్టెంబరు, అక్టోబరుల్లో సగం ధరకే ఇస్తామంటారు. వాళ్ల ఔదార్యాన్ని కాదనకండి. అప్పుడు నాటిన హైబ్రిడ్‌కు నేల గడ్డకట్టేలోపు వేరు పాకే వ్యవధి ఉండదు, మార్చికల్లా మొదలు పట్టి లాగితే మెత్తగా ఊడి చేతికొస్తుంది. చందా ఎగవేతదారులు ఈ ఆఫర్ ముఖం కూడా చూడరు. మంచు భయం పోగానే, ఏప్రిల్ చివరలోనో మేలోనో కొంటారు. కొనేటప్పుడైనా పువ్వు చూస్తారా అంటే అదీ లేదు. కుండీలో ఆకులు పక్కకు తప్పించి, మొదలు దగ్గర పిలకలు లెక్కపెడతారు. ఒంటికాడ మీద నాలుగు పూలు విరగబూసిన కుండీని వదిలేసి, పువ్వు లేకుండా నాలుగు పిలకలున్న దాన్ని ట్రాలీలో పెట్టుకుంటారు. క్యాషియర్ కూడా జాలిగా చూస్తాడు.

అసలు ఘోరం ఇంటికొచ్చాక జరుగుతుంది. నాటిన మొదటి ఏడాది ఈ మనుషులు మొగ్గలు తుంచేస్తారు! బఠాణీ గింజంత మొగ్గ కనపడటం ఆలస్యం, కింద ఆకు దాకా కాడతో సహా కత్తిరిస్తారు. వారం పది రోజులకోసారి, ఆగస్టు దాకా ఇదే పని. వాళ్లు చెప్పే కారణం వినండి. ఈ హైబ్రిడ్లలో చాలావాటిని, మన టిష్యూ కల్చర్ అరటిలాగే, ల్యాబులో సీసాల్లో పెంచుతారు. అలా వచ్చిన పసిమొక్క ఉన్న శక్తంతా పువ్వుకే ధారపోస్తుంది. పూసిన కాడ ఆ ఏటితో సరి. వచ్చే ఏడు లేవాల్సింది మొదలు దగ్గర ఆకురాలే కాలంలోపు పుట్టిన కొత్త పిలక. పూలకే ఖర్చయిపోయిన మొక్కకు ఆ పిలకలు పుట్టవు, పిలకలు లేని మొక్క వసంతంలో లేవదు. వాదన బాగానే ఉంది. కానీ 20 డాలర్లు పోసి ఎర్రటి పువ్వు కొని, దాన్ని కత్తెరతో కోసి, ఆకులు చూసుకుంటూ కూర్చుంటే వాట్సాప్ గ్రూపులో ముఖం ఎలా చూపిస్తారు? మరీ మనసాగకపోతే ఒక్క పువ్వు ఉంచుకుని రంగు సరిచూసుకుని కోసేస్తారట. రాజీ పడ్డ విప్లవకారులు.

మట్టి విషయంలో వీళ్ల చాదస్తం ఇంకో రకం. డల్లాస్ చుట్టుపక్కల ఉన్నది అచ్చం మన నల్లరేగడే, వానకు ఉబ్బి ఎండకు బీటలువారే రకం. షికాగో శివార్లలో చాలాచోట్ల బంకమట్టి. అందులో గుంట తవ్వి, గుంట నిండా మంచి మట్టి పోసి నాటమని చందాదారులకు మా సలహా. చుట్టూ బంకమట్టి, మధ్యలో వదులు మట్టి, వాన పడితే ఆ గుంట నీళ్లతొట్టిలా నిలుస్తుంది. పని నవంబరుకే పూర్తి. ఎగవేతదారులు గుంటను నమ్ముకోరు. మడి మొత్తాన్ని ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఎత్తు చేసి, రెండు మూడు అంగుళాల కంపోస్ట్ పరిచి లోతుగా కలిపేస్తారు. బంకమట్టిలో ఇసుక కలిపితే సిమెంటులా గట్టిపడుతుందని తెలుసు కాబట్టి ఆ పని చేయరు. ఆరు గంటలకు తగ్గకుండా ఎండ పడే చోటు చూసుకుంటారు. మొక్కకు మొక్కకు 18 నుంచి 24 అంగుళాలు వదులుతారు, లేకపోతే గాలి ఆడక ఆకుల మీద బూడిద తెగులు వస్తుందట. కుండీలో చుట్టలు తిరిగిన వేర్లను వేళ్లతో విడదీసి, మొదలు నేలమట్టానికి ఓ అర అంగుళం పైకే ఉండేలా నాటుతారు.

మల్చ్, అంటే మొక్కల చుట్టూ నేల మీద పరిచే చెక్కపొట్టు, వేసే కాంట్రాక్టర్లు మాత్రం మన పక్షమే. కాడల చుట్టూ నాలుగేసి అంగుళాల గుట్ట పోసి, మొదలును ఊపిరాడకుండా కప్పేసి వెళ్తారు. ఎగవేతదారు వాళ్ల బండి మలుపు తిరగ్గానే వంగుని, మొదలు చుట్టూ మూడు అంగుళాల మేర చేత్తో ఖాళీ చేస్తాడు. మిగతా చోట రెండు అంగుళాల మందం చాలంటాడు. లాన్‌తో పాటు రోజూ తెల్లవారుజామున పది నిమిషాలు చిలకరించే స్ప్రింక్లర్ ఉందే, ఆ మహోపకారి గొట్టాన్నీ పక్కకు తిప్పేస్తాడు. మొదటి ఏడాది వారానికి అంగుళం నీళ్లు లోతుగా పెట్టి, రెండో ఏటి నుంచి గట్టి బెట్ట ఉంటే తప్ప పట్టించుకోడు. ఎరువంటే వసంతంలో గుప్పెడు కంపోస్ట్, అంతే. లాన్‌కు వేసే నత్రజని ఎరువు తగిలితే కాడలు ఏపుగా పెరిగి మొదటి గాలివానకే పడుకుంటాయని అనుమానం.

తెగుళ్లు మన మిత్రులే కానీ, వాళ్లు వాటినీ గుర్తుపట్టేస్తున్నారు. నువ్వు చేను వేసిన రైతును అడిగితే వెర్రితెగులు అంటే ఏమిటో చెబుతాడు: పువ్వు పుట్టాల్సిన చోట ఆకుల గుబురు పుడుతుంది. దీపపు పురుగులు మోసుకొచ్చే ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి దానికి కారణం. కోన్‌ఫ్లవర్‌కు వచ్చే ఆస్టర్ ఎల్లోస్ కూడా ఆ బాపతే. రేకులు ఆకుపచ్చగా ముడుచుకుని, మధ్యనున్న గుబ్బ మీద చిన్న చిన్న ఆకుల పిలకలు లేచి, మొక్కంతా పాలిపోయి గిడసబారుతుంది. దీనికి మందు లేదు. చందాదారు దాన్ని కొత్త ఆకుపచ్చ రకం అనుకుని మురిసిపోయి పెంచుకోవాలి, వీధిలోని మిగతా మొక్కలకు పురుగులే అందజేస్తాయి. ఎగవేతదారు వేరుతో సహా పీకి పారేస్తాడు. పీకేముందు మాత్రం ఒకటి చూస్తాడు. ఆకులూ కాడా ఆరోగ్యంగా ఉండి గుబ్బ మీద మాత్రమే కుచ్చులు లేస్తే అది మొక్కల నల్లి (మైట్) పని, ఆ పూల తల ఒక్కటీ కోసి చెత్తలో వేస్తే చాలు. జూన్, జులైలలో పూల తల కాడకు వేలాడుతూ కనిపిస్తే ముక్కుపురుగు వచ్చిందని అర్థం. తలకు ఓ అంగుళం కింద కాడను కొరికి, ఆ తలలోనే గుడ్లు పెడుతుంది. వేలాడేవాటిని ఏరి సబ్బునీళ్లలో వేస్తే మరుసటి ఏటికి పురుగు తగ్గుతుంది. జపనీస్ బీటిల్స్‌ను పొద్దున్నే, మందకొడిగా ఉన్నప్పుడే సబ్బునీళ్ల డబ్బాలో రాల్చాలి. ఎరసంచీ కొని తగిలిస్తే మాత్రం వీధిలో పురుగులన్నిటినీ పేరంటానికి పిలిచినట్టే. మేము ఆ సంచీనే సిఫార్సు చేస్తున్నాం.

రంగు మారిందన్న ఫిర్యాదులు మా దృష్టికి వస్తూనే ఉన్నాయి. నారింజ రంగు పువ్వు రెండు మూడు వారాల ఎండకు వెలిసి లేత గులాబీలోకి దిగడం దాని స్వభావం. మూడో ఏడాది మొక్కంతా ఊదా పూసిందంటే అది మారిపోలేదు. కొన్న మొక్క ఎప్పుడో పోయింది, రాలిన గింజల్లోంచి మొలిచిన పిల్లమొక్క దాని చోట్లో కూర్చుంది. హైబ్రిడ్ గింజ తల్లి రంగును నిలబెట్టదు. పూసిన తలలు ఎండకముందే కోసేస్తే ఈ బెడద ఉండదు. అప్పుడు శీతాకాలంలో గింజలకు వచ్చే గోల్డ్‌ఫించ్ పిట్టలు పక్కింటికి పోతాయి. ముద్దపువ్వు కొంటే మొదటి విడతలో రేకపువ్వే పూసిందని గొడవపడేవాళ్లకు కాస్త ఓపిక ఉండాలి, మొక్క ముదిరాకే గుబ్బ ముద్దగా విచ్చుకుంటుంది. ఆ ముద్ద మీద తేనెటీగ వాలితే పుప్పొడి దొరకదు, దొరక్కపోతే రాదు. డెలావేర్‌లోని మౌంట్ క్యూబా సెంటర్ అనే ఉద్యానవనం 2018 నుంచి 2020 దాకా 75 రకాలను పెంచి చూసినప్పుడు ముద్దపూల మీద వాలిన పురుగులు బాగా తక్కువ. తెల్లటి ‘ఫ్రాగ్రెంట్ ఏంజెల్’ మీద బారులు తీరాయి. అన్నింట్లో మేలురకంగా తేలింది ‘పికా బెల్లా’ అనే గులాబీ రంగు మొక్క. చూశారా, మళ్లీ ఆ పాత గులాబీ రంగే. ఇలాంటి పరీక్షలు వ్యాపారానికి మంచివి కావు.

పేటెంటు సంగతి మరవకండి. చీటీ మీద పీపీ అన్న అక్షరాలూ ఒక అంకె ఉంటే, 20 ఏళ్ల దాకా ఆ మొక్క పిలకను విడదీసి పక్కింటి వదినగారికి ఇవ్వడం కూడా చట్టవిరుద్ధమే. చట్టాన్ని గౌరవించి చాలా మొక్కలు విడదీసే వయసు రాకముందే చనిపోతున్నాయి. ‘మాగ్నస్’కు ఈ క్రమశిక్షణ లేదు. 1998లో ఆ ఏటి మేటి బహువార్షికంగా ఎంపికైన ఈ గులాబీ రంగు రకాన్ని నాలుగేళ్లకోసారి ఏప్రిల్‌లో విడదీసి ఎవరికి పడితే వాళ్లకు పంచుకోవచ్చు.

అందరికన్నా పెద్ద ద్రోహి ‘చెయెన్ స్పిరిట్’. ఎరుపు, నారింజ, పసుపు, మీగడ రంగు, గులాబీ, అన్నీ ఒకే విత్తనాల ప్యాకెట్‌లో. ల్యాబు లేదు, సీసా లేదు. చలికాలం చివర్లో ఇంట్లో ట్రేలో చల్లి, పలచగా మట్టి కప్పి, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర వెచ్చగా ఉంచితే రెండు వారాల్లోపు మొలుస్తాయి. మేలో బయట నాటితే ఆ ఏడే పూస్తాయి, చలికాలం దాటుకుని మళ్లీ లేస్తాయి. ఏ మొక్కకు ఏ రంగు వస్తుందో ముందుగా చెప్పలేకపోవడం ఒక్కటే దాని లోపం. నాలుగు కుండీల ధరలో ఒక వీధికి సరిపడా మొక్కలు వచ్చే ఈ విత్తనానికి 2013లో కొత్త రకాలను పరీక్షించే ఆల్ అమెరికా సెలెక్షన్స్ వాళ్లు బహుమతి కూడా ఇచ్చారు. ఆ న్యాయనిర్ణేతల మీద వెంటనే విచారణ జరిపించాలని, అప్పటిదాకా విత్తనాల ప్యాకెట్లను దుకాణంలో పైఅరలో, చేతికందనంత ఎత్తున పెట్టాలని మా డిమాండ్.