బోర్డు ఒక అడుగు దించమంటే బిళ్ల చేతిలో పెట్టారు

ఇప్పుడే కాలేజీ నుంచి వచ్చా. చొక్కా కూడా మార్చలేదు. ఇది రాయకపోతే ఈ పూట ముద్ద దిగదు.

మధ్యాహ్నం స్టాఫ్ మీటింగ్‌లో మా మేనేజ్‌మెంట్ తలా ఒక ఎలక్ట్రానిక్ బిళ్ల పంచింది, వీపు వంగకుండా చూసేదట. మెడ వెనక అంటించుకోవాలట, ముందుకు వంగితే జుయ్యిమంటుందట. ‘భుజం నొప్పి అని సెలవులు పెడుతున్నారు కదా, ఇక ఆ బాధ లేదు’ అన్నారు. దానికో గ్రూప్ ఫొటో కూడా. మూడో వరుసలో నవ్వనిది నేనే.

హన్మకొండ ప్రైవేట్ ఇంటర్ కాలేజీల్లో లెక్కలు చెప్పే ఎవరినైనా అడగండి భుజం ఎందుకు పోతుందో. రోజుకి ఆరు క్లాసులు, చేయి తల పైనే. అంతెత్తున లేపినప్పుడల్లా భుజం ఎముకల మధ్య స్నాయువు నలుగుతుందని ఫిజియోథెరపిస్ట్ బొమ్మ గీసి మరీ చెప్పింది.

సరే, చూద్దామని చివరి పీరియడ్‌కి పెట్టుకుపోయా. బోర్డు పై అంచు అందక మునివేళ్ల మీద నిలబడి ఇంటిగ్రేషన్ లెక్క రాస్తున్నా. భుజంలో సూదులు గుచ్చుతున్నాయి. బిళ్ల గప్‌చుప్. ఫోన్‌లో దాని యాప్‌లో పచ్చ రంగు, ‘చాలా బాగుంది’ అని మెచ్చుకోలు! దానికి తెలిసింది వీపు వంపు ఒక్కటే మరి. నిటారుగా ఉన్నప్పటి కోణం గుర్తుపెట్టుకుని, అది మారితేనే వణుకుతుంది. చేయి ఎక్కడుందో దానికేం పట్టింది? బెల్లు కొట్టాక నీళ్ల బాటిల్ కోసం వంగానో లేదో, జుయ్యి! వెనక బెంచీ వాడు “సార్, ఫోనొస్తుంది” అన్నాడు.

ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీల్లో తల పైన పనిచేసేవాళ్లు రోజుకి 4,600 సార్ల దాకా చేతులెత్తుతారట. 2018లోనే వాళ్లలో కొందరికి చేతుల బరువు కాచే స్ప్రింగుల తొడుగులు ఇచ్చారు. నొప్పి ఎక్కడుందో అక్కడ చూడడం అంటే అదీ. నాకు అంత భోగం వద్దు మహాప్రభో, బోర్డు ఒక అడుగు దించండి చాలు. మూడేళ్లుగా అడుగుతున్నా. నాలుగు బోల్టుల పని. ‘గోడ పాడవుతుంది సార్’ అంటారు. అదే గోడకి ర్యాంకుల ఫ్లెక్సీ కోసం కొట్టిన మేకులు లెక్కపెట్టా, పద్నాలుగు.

మా నాన్న కొత్తవాడలో జంపఖానాలు నేసీ నేసీ కుడి చేయి పైకి లేవదు. ఎడమ చేత్తోనే తల దువ్వుకుంటాడు. వరంగల్ జంపఖానాకి 2018లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వస్తే స్వీట్లు పంచాడు పిచ్చి మారాజు. కొడుకు చాక్‌పీస్ పడితే భుజాలన్నా మిగులుతాయనుకున్నాడు.

బిళ్లలకి డబ్బులున్నాయి. మే నెల జీతానికి మాత్రం ఎప్పుడూ ఉండవు. పది నెలలకే మనం లెక్చరర్లం, ఎండాకాలంలో మనకి ఆకలి ఉండదు కదా! పైగా అదే ఎండలో అడ్మిషన్ల టార్గెట్ ఇచ్చి నర్సంపేట, పరకాల ఊళ్లన్నీ తిప్పుతారు. బండి మనది, పెట్రోలు మనది. పదో తరగతి పిల్లల ఇళ్ల ముందు చెప్పులు విప్పి, వాళ్ల నాన్న పొలం నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చోవాలి. దానికి ఏ బిళ్ల మోగుతుంది?

బిళ్లలు ఇచ్చేటప్పుడు సంతకాలు పెట్టించుకున్నారు. కాగితం అడుగున చిన్న అక్షరాలు: పోగొడితే జీతంలో కోత.

ఏ నెల జీతంలో అని అడిగా. అందరూ టీ కప్పుల్లోకి చూశారు.