జీపెక్కిన సిలిండర్‌కు పూచీ ఎవరిది?

పాడేరు, చింతపల్లి వంటి చోట్ల సంత ముగిశాక కొండ ఊళ్లకు బయల్దేరే జీపును ఒక్కసారి గమనించండి. లోపల పట్టినంత మంది జనం, పైన బియ్యం బస్తాలు, వెనుక తలుపు దగ్గర ప్రయాణికుల కాళ్ల మధ్య అడ్డంగా పడుకోబెట్టిన ఎర్ర వంటగ్యాస్ సిలిండర్ కనిపిస్తాయి. చోటు చాలకపోతే దానిమీదే ఒకరు సర్దుకుని కూర్చుంటారు. ఘాట్ మలుపు తిరిగిన ప్రతిసారీ అది అటూ ఇటూ దొర్లుతుంటే కాలితో ఆపుతుంటారు. ఇది ప్రమాదకరమని చెప్పడానికి నిపుణులు అక్కర్లేదు. అయితే ఆ సిలిండర్ జీపులోకి ఎందుకు ఎక్కిందో అడగకుండా తప్పంతా మోసుకెళ్లేవారి మీదకు నెట్టడం న్యాయం కాదని మా అభిప్రాయం.

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన దీపం పథకం, 2016 నాటి ఉజ్జ్వల, ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లంటూ 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన దీపం-2, ఇవన్నీ కట్టెల పొయ్యి పొగ నుంచి ఆడవారిని తప్పించడానికి వచ్చినవే, మెచ్చుకోదగినవే. కానీ కనెక్షన్ చేరినంత సులువుగా గ్యాస్ బండ కొండ ఊళ్లకు చేరడం లేదు. గ్యాస్ ఏజెన్సీ వాహనం తారురోడ్డు ఉన్నంతవరకు వచ్చి ఆగిపోతే, అక్కడి నుంచి ఇంటిదాకా మోత వినియోగదారుడిదే. ఇంటికి చేర్చే ఖర్చు సిలిండర్ ధరలోనే కలిసి ఉంటుందని, గోదాముకు వెళ్లి స్వయంగా తెచ్చుకుంటే ఆ మేరకు తగ్గించి ఇవ్వాలని కొండ ఊళ్లలో ఎందరికి తెలుసు? ఆర్టీసీ బస్సులో ఎక్కించుకోరు కాబట్టి మిగిలేది జీపే.

చట్టం లేక కాదు. 2016 నాటి గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం సిలిండర్ వాహనం అంచులు దాటి బయటికి పొడుచుకు రాకూడదు, కదలకుండా, ఒకదానికొకటి కొట్టుకోకుండా బిగించి ఉండాలి, తేలికగా అంటుకునే సరుకుతో కలిపి తీసుకెళ్లకూడదు. ద్విచక్ర వాహనంపై నిండు సిలిండర్ తీసుకెళ్లడాన్నీ అవే నిబంధనలు నిషేధించాయి. పట్టణాల్లో ఆ పని నిత్యం చేసేది డెలివరీ కుర్రాళ్లే అన్నది వేరే సంగతి! రైల్లో ప్రమాదకర వస్తువులు తీసుకెళ్తే 1989 నాటి రైల్వే చట్టం మూడేళ్ల దాకా జైలు శిక్ష విధిస్తుంది. అయినా 2023 ఆగస్టులో మదురై స్టేషన్ వద్ద ఆగి ఉన్న యాత్రికుల బోగీలో, రహస్యంగా తెచ్చుకున్న సిలిండర్ వల్ల చెలరేగిన మంటల్లో తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. అంత నిఘా ఉండే రైలులోనే అలా జరిగితే, అడిగేవారే లేని కొండదారి మాటేమిటి?

సిలిండర్‌ను ఎందుకు నిలబెట్టాలో తెలిస్తే ఎవరూ పడుకోబెట్టరు. లోపల అడుగున ద్రవం, పైన వాయువు ఉంటాయి. నిలబెట్టినప్పుడు వాల్వ్‌కు తగిలేది వాయువే. పడుకోబెడితే ద్రవమే వాల్వ్ మీదికి వస్తుంది. అప్పుడు చిన్న లీకైనా ద్రవమే చిమ్ముతుంది, ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల వాయువుగా విచ్చుకుంటుంది. గాలిలో రెండు శాతం గ్యాస్ కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. నాలుగు ఘనపు మీటర్ల క్యాబిన్‌ను ఆ స్థితికి తేవడానికి లీటరులో మూడో వంతు ద్రవం, అంటే నిండు సిలిండర్‌లో సుమారు ఎనభయ్యో వంతు, సరిపోతుంది. పైగా ఈ వాయువు గాలికంటే బరువు, కిటికీ తీసినా అంత తేలిగ్గా పోకుండా కాళ్ల దగ్గర, సీట్ల కింద పేరుకుంటుంది. హెచ్చరిక కోసమే ఘాటు వాసన కలుపుతారు గానీ, ఎండుచేపల బుట్టలు, డీజిల్ పొగ నిండిన సంత జీపులో దాన్ని పసిగట్టడం కష్టమే.

బరువు సంగతి మరొకటి. 14.2 కిలోల గ్యాస్, ఇనుప బండ కలిపి ముప్పై కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. డ్రైవర్ ఒక్కసారిగా బ్రేకు వేస్తే జీపు ఆగుతుంది గానీ బండ ఆగదు. అందుకే సిలిండర్‌ను జనం కూర్చునే చోట కాక, వీలైతే వెనుక తెరిచి ఉండే పికప్‌లో, పాత టైరు మధ్యలో నిలబెట్టి, వాహనం బాడీకి ఉన్న కొక్కేలకు నడుము దగ్గర, భుజం దగ్గర రెండు చోట్ల తాడుతో బిగించాలి. టాప్ మీద కట్టడం మంచిది కాదు: ఎండ నేరుగా తగులుతుంది, మలుపుల్లో బండి తూలుతుంది. ఎక్కించే ముందు వాల్వ్ మీద సబ్బునురగ వేసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి, మూత తప్పక బిగించాలి. ఖాళీ బండకూ మూత అవసరమే, దానిలో గ్యాస్ పూర్తిగా పోదు. దారిలో వాసన వస్తే ఇంజిన్ ఆపి, లైటు, ఫ్యాను స్విచ్‌ల జోలికి పోకుండా తలుపులు చేత్తో తీసి అందరినీ దించి, దూరంగా వెళ్లాక గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయాలి.

చలికాలంలో వంజంగి, లంబసింగి మంచు చూడటానికి పెద్ద కార్లలో వచ్చేవారి నిర్లక్ష్యానికి మాత్రం ఏ ఇబ్బందీ సాకు కాదు. స్టవ్‌తో పాటు బండను కూడా డిక్కీలో పడేసి, కొందరైతే రెగ్యులేటర్ కూడా తీయకుండా, అద్దాలు బిగించి ఏసీ వేసుకుని వస్తారు. బజారులో కిలో లెక్కన దొంగచాటుగా నింపే చిన్న సిలిండర్లు ఇంకా ప్రమాదం. గుర్తింపు కార్డు చూపితే పెట్రోలు బంకుల్లోనే ఐదు కిలోల సిలిండర్ అమ్ముతున్నప్పుడు వీటిని కొనాల్సిన అవసరమేముంది?

పర్యాటకులను చెక్‌పోస్టుల్లో ఆపి తనిఖీ చేయడం పోలీసులకు కష్టం కాదు. కొండ ఊళ్ల విషయంలో మాత్రం జరిమానాలతో మొదలుపెట్టడం పొరపాటు. ఏ ఊరికి గ్యాస్ ఏజెన్సీ వాహనం వెళ్లడం లేదో పౌరసరఫరాల శాఖ ముందు జాబితా తీయాలి. ఆ దారుల్లో సంత రోజున సిలిండర్ల కోసమే ఒక ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌ను, ప్రయాణికులు లేకుండా, చమురు సంస్థల ఖర్చుతో నడపాలి. అది వచ్చేదాకా జీపు యజమానులకు బండ నిలబెట్టే ఇనుప చట్రం, బిగించే పట్టీ ఉచితంగా ఇచ్చి, కట్టే పద్ధతి గోదాము దగ్గరే చేసి చూపాలి.