చీటీలు మూడు, బీపీ మాత్రం అంతే

మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ రేషన్ కార్డు దాచుకునే ప్లాస్టిక్ కవర్లో మూడు చీటీలున్నాయి. మూడూ ఉచిత వైద్య శిబిరాలవే. ఒకటి గుడి పక్కన షామియానా వేసినప్పటిది, ఒకటి ఓ ప్రైవేటు ఆసుపత్రి వాళ్లది, ఇంకోటి ఎన్నికల ముందు ఓ నాయకుడు పెట్టించిన క్యాంపుది. మూడింట్లోనూ బీపీ 160 దాటే ఉంది. మాత్రలు వాడుతున్నావా అని అడిగితే, "పది రోజులకిచ్చారమ్మా, అయిపోయినయ్" అంది.

లెక్కల్లో మాత్రం ఆవిడకు మూడుసార్లు పరీక్షలు జరిగినట్టే. మూడు క్యాంపుల ఫొటోల్లోనూ ఆవిడ ఉండే ఉంటుంది.

పరీక్షలు వద్దని ఎవరూ అనరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెలువరించిన ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. పెద్దవాళ్లలో మూడో వంతుకు పైగా బీపీ ఉంది. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, నాకేం బీపీ అనుకునేవాళ్లే బస్తీల్లో ఎక్కువ. పక్షవాతంతో నోరు వంకర పోయాక గానీ అది బయటపడదు. అందుకే వెతికి పట్టుకోవాలి. కానీ పట్టుకున్నాక ఏం చేస్తున్నాం?

విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు 1968లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం ఈ సంగతి రాశారు. చికిత్స అందుబాటులో ఉన్న జబ్బుకే ఇలాంటి పరీక్షలు పెట్టాలి. అది ఒకసారి చేసి వదిలేసే పని కాదు, సాగుతూనే ఉండాలి. మన క్యాంపులు ఈ రెండో మాట దగ్గరే తప్పుతున్నాయి.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగును చూడండి. పరీక్ష చేసి, దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే చేతిలో పెట్టారు. ముసలమ్మ సూదిలో దారం ఎక్కించుకుంటూ ఇంటికెళ్లింది. పని అక్కడితో అయిపోయింది. బీపీ, షుగర్ అలాంటివి కావు. చీటీ ఇచ్చిన రోజు పని అప్పుడే మొదలవుతుంది.

హైదరాబాద్‌లో ఆ తర్వాతి దారి కొంత వేసే ఉంది. 2018 నుంచి బస్తీ దవాఖానాలు, అంటే బస్తీల్లోనే చిన్న సర్కారు ఆసుపత్రులు, వచ్చాయి. అక్కడ తీసిన రక్తం నారాయణగూడలోని డయాగ్నొస్టిక్ హబ్ లాంటి చోట్లకు వెళ్తుంది, రిపోర్టు తిరిగొస్తుంది. చిన్న పరీక్ష కోసం ఉస్మానియాలోనో గాంధీలోనో లైన్లో నిలబడే బాధ తప్పింది. వంద షామియానాల కంటే ఇదే మేలని నా అభిప్రాయం. చిక్కల్లా వేళల దగ్గర. దవాఖానా ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు. అడ్డా కూలీకి అవి పని గంటలు. బీపీ చూపించుకోవాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి. పగటిపూట పెట్టే ఏ క్యాంపైనా చూడండి, ఎక్కువగా ఆడవాళ్లూ ముసలివాళ్లే. 30 నుంచి 50 ఏళ్ల మగవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

క్యాన్సర్ సంగతి ఇంకా కష్టం. జాతీయ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకు నోరు, ఆడవాళ్లకైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వారం కూడా ఐదేళ్లకోసారి చూడాలి. గుట్కా నమిలే నోరు చూడ్డానికి టార్చిలైటు, శిక్షణ పొందిన కళ్లు చాలు. గర్భాశయ ముఖద్వార పరీక్షకు మాత్రం తలుపున్న గది కావాలి, నర్సు కావాలి, తోడుగా వచ్చిన అత్తకు సర్దిచెప్పే మనిషి కావాలి. కమ్యూనిటీ హాల్లో చీర అడ్డం కట్టి చేసే పనా అది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21)లో 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. అనుమానం తేలితే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లమంటారు. ఆ పేరు వింటేనే సగం మందికి కాళ్లు ఆడవు. వెంట వెళ్లే మనిషి ఉంటే తప్ప ఆ చీటీ కవర్లోనే ఉండిపోతుంది.

ప్రైవేటు ఉచిత క్యాంపుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. "ఈసీజీలో చిన్న తేడా ఉంది, ఒకసారి మా ఆసుపత్రికి రండి" అనే మాట బస్తీలో చాలామంది విన్నదే.

మంచి నమూనా మన దగ్గరే ఉంది. 2017 చివర్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో కొత్త మందులేమీ లేవు. ఏ మాత్రతో మొదలుపెట్టాలో, తగ్గకపోతే ఏం పెంచాలో అందరికీ ఒకే పద్ధతి. పది రోజులకు కాదు, నెలకు సరిపడా మాత్రలు. పేషెంటుకో కార్డు. రాని వాళ్లకు ఫోన్. అన్నిటికంటే ముఖ్యం, ఎంతమందిని చూశాం అని కాకుండా ఎంతమందికి 140/90 లోపుకు దిగింది అని లెక్కించడం. ఈ లెక్క అంత తొందరగా ఫ్లెక్సీ మీదికి ఎక్కదు, అదే దాని ఇబ్బంది.

పరీక్ష మనిషి దగ్గరికి వెళ్లాలంటే పొద్దున్నే లేబర్ అడ్డాకు వెళ్లొచ్చు. పారిశుధ్య కార్మికులు హాజరు వేయించుకునే చోటుకు వెళ్లొచ్చు. పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీ నెల తిరిగేసరికి ఇంకో సైట్లో ఉంటాడు. అతని వివరాలు ఏ దవాఖానాలోనైనా తెరుచుకోవాలి, ఎక్కడైనా మాత్రలు దొరకాలి.

క్యాంపు నివేదికలో ఒక్క గడి అదనంగా పెడితే చాలు: పోయినసారి బీపీ తేలినవాళ్లలో ఇవాళ ఎందరికి అదుపులో ఉంది? ఆ గడి నింపాలంటే ఎవరో ఒకరు మా పనావిడ తలుపు మళ్లీ తట్టాలి. ఆదివారం సాయంత్రమైతే ఇంట్లోనే ఉంటుంది.