టెన్షన్ తగ్గించుకోమంటే సరిపోతుందా?

హైదరాబాద్‌లో ఏ షుగర్ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ఏ కీళ్లవాతం ఓపీలో కూర్చున్నా చివర్లో ఒక మాట వినిపిస్తుంది: ‘టెన్షన్ పెట్టుకోకండి’. మందు పొద్దున వేసుకోవాలో రాత్రి వేసుకోవాలో చీటీ మీద ఉంటుంది. టెన్షన్ ఎలా తగ్గించుకోవాలో మాత్రం ఉండదు. బయట టోకెన్లు పట్టుకుని అంతమంది ఎదురుచూస్తుంటే డాక్టర్‌ని తప్పుపట్టడమూ కష్టమే.

ఈ లోటు మేం తీరుస్తామని ఇప్పుడు ఆన్‌లైన్ థెరపీ యాప్‌లు ముందుకొస్తున్నాయి. ఆన్‌లైన్ థెరపీతో తీరే లోటే ఇది. కాకపోతే ఆ థెరపీ ఫోన్‌లో కనిపించిన ప్రకటనతో కాకుండా జబ్బు చూస్తున్న డాక్టర్ చీటీతో మొదలవ్వాలి.

కీళ్లవాతంలో ఒక రకమైన రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకు పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. జడ వేసుకోవడానికి, జాకెట్ హుక్స్ పెట్టుకోవడానికే చాలాసేపు పడుతుంది. అలాంటావిడని ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, పంజాగుట్ట వచ్చి మనసు విప్పి మాట్లాడమంటే ఏం మాట్లాడుతుంది? వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద ఉండే మనిషికి ఇంకో అపాయింట్‌మెంట్ అంటేనే నీరసం వస్తుంది. సాయంత్రం ఇంట్లోనే కూర్చుని ఫోన్‌లో మాట్లాడే వీలుంటేనే వీళ్లకి థెరపీ అందుతుంది. పైగా ‘ఎర్రగడ్డకి పంపాలి’ అని వెక్కిరించుకునే ఊరు మనది. మానసిక వైద్యం బోర్డున్న మెట్లు ఎక్కకుండా సాయం దొరకడం కూడా కలిసొచ్చే విషయమే.

థెరపీ అంటే ఓదార్పు మాటలనుకునేవాళ్లు చాలామంది. ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ) చూస్తే అందులో ఉండేవి మామూలు పనులే. నొప్పి తక్కువున్న రోజు ఇల్లంతా కడిగి, దుప్పట్లు ఉతికి, తర్వాత రెండు రోజులు మంచం దిగలేని గృహిణి ఉందనుకుందాం. ఏ గంటలో ఏం చేసిందో, నొప్పి ఎంత ఉందో వారం పాటు ఆమెతోనే రాయిస్తారు. ఆ తర్వాత, నొప్పి వచ్చేదాకా లాగకుండా గడియారం చూసి ఆగడం నేర్పిస్తారు. పావుగంట పని, పది నిమిషాలు నడుం వాల్చడం, ఒళ్లు బాగానే ఉందనిపించినా సరే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో కాస్త పెరగ్గానే ‘ఇక నా పని అయిపోయింది’ అనుకునే మనిషితో ఆ మాటను కాగితం మీద పెట్టించి, రిపోర్టులో ఉన్నదెంతో, భయంతో తాను కలుపుకున్నదెంతో విడదీయిస్తారు. జబ్బంతా మనసులోనే ఉందని ఇందులో ఎవరూ అనరు. ‘అంటే నా నొప్పి నాటకమా?’ అని ఎవరైనా అడిగితే మాత్రం దానికి మొదటి రోజే జవాబు చెప్పాలి.

దీర్ఘకాలిక జబ్బుతో పాటు డిప్రెషన్ ఉన్నవాళ్ల కోసం బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే కంప్యూటర్ ద్వారా చేసే సీబీటీకి చోటుంది. అయితే వీడియోలు, పాఠాలు ఇచ్చేసి వదిలేస్తే సగంలో మానేసేవాళ్లు ఎక్కువ. వారానికోసారి పలకరించే మనిషి ఉంటేనే ఫలితం బాగుంటుంది.

ఆ మనిషికి జబ్బు గురించి తెలిసుండాలి. డిప్రెషన్ కొలవడానికి వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో నిద్ర, అలసట, ఆకలి గురించి కూడా ప్రశ్నలుంటాయి. హిమోగ్లోబిన్ పడిపోయిన కిడ్నీ పేషెంటు వీటన్నిటికీ ‘దాదాపు ప్రతిరోజూ’ అని టిక్ పెడతాడు. రిపోర్టులు చూడని యాప్ దాన్ని డిప్రెషన్ అనుకోవచ్చు. లేదా ‘ఇన్ని జబ్బులుంటే దిగులుండదా’ అని డాక్టరే నిజంగా ఉన్న డిప్రెషన్‌ని వదిలేయవచ్చు. చీటీ దగ్గరే మొదలవ్వాలనడం ఇందుకే.

ఇంట్లో ఇబ్బందులు ఎటూ తప్పవు. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల ఇల్లు, హాల్లో అత్తగారి సీరియల్. కోడలు ఫోన్ పట్టుకుని డాబా మీదికి వెళ్తే ‘ఎవరితో అంతసేపు?’ అని ఆరా. మే నెలలో చీకటి పడేదాకా డాబా మీద నిలబడనూ లేం. మెసేజ్‌ల ద్వారా సాగే పద్ధతి, తెలుగులోనో ఉర్దూలోనో ఉంటే, ఇలాంటి ఇళ్లకే ఎక్కువ అవసరం.

డబ్బు సంగతికొస్తే, శారీరక జబ్బులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కానీ మామూలు పాలసీలు చాలావరకు ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తాయి, కౌన్సెలింగ్ ఏమో ఓపీ ఖర్చు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కి 14416 నంబరు మీద తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే వారాల కోర్సు కోసం ఆగకుండా వెంటనే చేయాల్సిన నంబరు అది. కానీ హెల్ప్‌లైన్ పని వేరు, అదే మనిషితో వారం వారం సాగే థెరపీ వేరు.

ఇంతమంది సైకాలజిస్టులు ఎక్కడ దొరుకుతారన్నది న్యాయమైన ప్రశ్న. ఢిల్లీ, చెన్నై, బెంగళూరు, విశాఖపట్నం క్లినిక్‌లలో షుగర్, డిప్రెషన్ రెండూ ఉన్న 404 మందితో జరిగిన అధ్యయనం 2020లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. అది ఆన్‌లైన్ థెరపీ మీద చేసింది కాదు గానీ దారి చూపిస్తుంది. అక్కడ పేషెంట్ల వెంట ఉన్న కోఆర్డినేటర్లు డాక్టర్లు కారు. షుగర్‌తో పాటు మనసు బాగోగులూ వాళ్లే కనుక్కునేవారు, నిపుణులు వెనక నుంచి కేసులు సమీక్షించేవారు. రెండేళ్లకు, డిప్రెషన్ సగానికి తగ్గి, షుగరో బీపీయో కొలెస్ట్రాలో మెరుగుపడినవాళ్లు ఈ పద్ధతిలో 71.6 శాతం, మామూలు వైద్యంలో 57.4 శాతం. నగరంలోని పెద్దాస్పత్రుల డయాలసిస్, షుగర్ విభాగాల్లో ఇలాంటి కోఆర్డినేటర్లని ఒకరిద్దరిని పెట్టి, మొదటి సిట్టింగ్ ఓపీ రోజునే ఎదురుగా జరిపి, మిగతావి ఫోన్‌లో నడిపిస్తే కొత్తగా భవనాలేమీ కట్టక్కర్లేదు.